వగరు కరిగాక: కొత్త వైన్లు, పాత వైన్ల రుచిపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం వైన్ వయసు గురించే ఉన్నాయి. విడివిడిగా జవాబులు రాసే ముందు, నలుగురు స్నేహితులతో కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం పది సీసాలు తెరిచాము. ఏ గ్లాసులో ఏది ఉందో తెలియకుండా సీసాలకు పాత వార్తాపత్రికలు చుట్టి, ఎవరికి తోచింది వారు రాసుకొని, ఆ తరువాతనే కాగితాలు విప్పాము. కింది జవాబుల్లోని రుచులన్నీ ఆనాటివే.

ప్రశ్న: మేము కూపర్టినోలో ఉంటాము. ఇటీవల ఆఫీసు వాళ్లతో కలిసి నాపా లోయలో ఒక టేస్టింగ్‌కు వెళ్లాను. పక్కనున్నవాళ్లు గ్లాసులో ముక్కు పెట్టి 'కసీస్', 'సీడార్', 'సిగార్ పెట్టె' అని చకచకా రాసుకుంటుంటే నాకు పులుపు, వగరు తప్ప మరేమీ తెలియలేదు. కొత్త సీసాకూ ఇరవై ఏళ్ల సీసాకూ తేడా ఉందని తెలిసింది గానీ అదేమిటో మాటల్లో పెట్టలేకపోయాను. నా నాలుకలో లోపమా?

జవాబు: లోపమేమీ లేదండీ. పైగా ఆ బల్ల చుట్టూ ఉన్నవారి కంటే మీ దగ్గర ఒక మాట ఎక్కువే ఉంది. అది 'వగరు'. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో ఈ రుచికి రోజూ వాడే పేరు లేదు. పుస్తకంలోంచి తెచ్చుకోవాలి, లేకపోతే టానిన్ అనే పదార్థం పేరుతో సరిపెట్టుకోవాలి. మనకు అది ఆరు రుచుల్లో ఒకటి; ఉగాది పచ్చడిలోని మామిడి పిందె ద్వారా చిన్న పిల్లలకు కూడా పరిచయమైనది. ద్రాక్ష తొక్కలోనూ, గింజలోనూ, వైన్‌ను నిలవ ఉంచే ఓక్ పీపా చెక్కలోనూ ఉండే టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడంతో నోటిలోని జారుడు పోయి, చిగుళ్లూ బుగ్గలూ బిగదీసినట్టవుతాయి. ద్రాక్ష గింజల్లోని ఈ జాతి పదార్థాల్లో ఒకదాన్ని కాటెచిన్ అంటారు. ఆ పేరు కిళ్లీలో వేసుకునే కాచు మీదుగానే వచ్చింది. కాబట్టి ఎర్ర వైన్ నోట్లో పోసుకొని 'వగరు' అన్నవారు దాని అసలు ఎముకను పట్టుకున్నట్టే లెక్క. ఇక చెప్పవలసింది అది ఎలాంటి వగరు అన్నదే: పచ్చి జామకాయదా, నేరేడుపండుదా, లేత వక్కదా?

వయసుతో ముందుగా మారేది కూడా ఈ వగరే. మేము తెరిచిన వాటిలో రెండు బోర్డో ప్రాంతంలోని మెడాక్ వైన్లు, ఒకే తోటవి. ఒకటి 2019 నాటిది, మరొకటి 1996 నాటిది. రెండింటిలోనూ క్యాబర్నే సొవిన్యోఁ ద్రాక్షే ఎక్కువ. 2019 వైన్ గ్లాసు అంచు దాకా ఊదా రంగులో, చేతికి అంటితే కడిగినా పోదేమో అన్నంత చిక్కగా ఉంది. దాని వాసనలో నల్లని పండు ఏదో ఉందని అందరమూ రాసుకున్నాము. కసీస్ అంటే యూరప్‌లో పండే నల్ల కరెంట్ పండు. అది చూడనివారు చూసినట్టు రాయడం దేనికని నేను 'నేరేడు' అని రాశాను. దాని వెనుక పచ్చి క్యాప్సికం కోసినప్పటి వాసన, ఆ వెనుక లవంగం. క్యాప్సికం వాసన కల్పన కాదు, పైరజీన్ అనే ఒకే కుటుంబపు పదార్థం రెండింటిలోనూ ఉంటుంది. లవంగం వాసన ఓక్ చెక్కది; పీపా తయారు చేసేటప్పుడు లోపలి గోడలను నిప్పు సెగ మీద కాలుస్తారు, లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజినాల్ ఆ చెక్కలోనూ ఉంటుంది. నోట్లోకి తీసుకున్నాక మాత్రం ఇవేవీ గుర్తుండలేదు. సగం పండిన నేరేడుపండ్లు గుప్పెడు నమిలినట్టు నోరంతా మొద్దుబారింది.

1996 వైన్ గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూస్తే నడుమ దానిమ్మ గింజ రంగు, అంచున ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు వచ్చింది పండు వాసన కాదు, పొగాకు బ్యారన్ వాసన. నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో. కర్రలకు గుచ్చి వేలాడదీసిన వర్జీనియా ఆకును ఐదారు రోజులు సెగ పెట్టి, చివరికి బ్యారన్ తలుపు తీసినప్పుడు గుప్పున వచ్చే ఆ తీపి కలిసిన ఎండు వాసనను ముప్పై ఏళ్ల తరువాత ఒక ఫ్రెంచి వైన్‌లో కలుసుకుంటానని ఎన్నడూ అనుకోలేదు. మీ పక్కవాళ్లు 'సిగార్ పెట్టె' అని రాసుకున్నది ఇదే అయి ఉండాలి. వారు ఆ పెట్టెలు చూసి పెరిగారు, నేను బ్యారన్లు చూసి పెరిగాను. కాసేపటికి తోలు చెప్పుల దుకాణం, తడి మన్ను, పుట్టగొడుగులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నేరేడు పూర్తిగా పోలేదు గానీ ఎండిపోయి, వెనక్కి జరిగి నిలుచుంది. వగరు ఉందా అంటే ఉంది, కానీ పట్టుబట్టలా జారింది. ఏళ్ల తరబడి టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని పెద్దవై, కొంత మేరకు మడ్డిగా అడుగుకు దిగడం వల్ల ఇలా జరుగుతుంది. రంగు పలచబడడానికీ, వగరు మెత్తబడడానికీ కారణం ఒకటే.

రంగును చూసి వగరును అంచనా వేయకూడదని ఇటలీ నుంచి వచ్చిన బరోలో నేర్పింది. నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఈ వైన్‌ను చట్టం ప్రకారం కనీసం 38 నెలలు నిలవ చేసి గాని అమ్మకూడదు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే ఉండాలి. మేము తెరిచిన 2018 సీసా పలచని గులాబీ నీళ్లలా కనిపించింది. గులాబీ రేకుల వాసనా, కొత్తగా వేసిన తారు రోడ్డు వాసనా కలిసి వచ్చాయి, ఈ జతకు బరోలో ప్రసిద్ధి. తాగితే మాత్రం కాచు ముక్క నమిలినట్టే ఉంది. దాని పక్కన పెట్టుకుందామని మోజుపడి కొన్న 1999 బరోలో మమ్మల్ని మోసం చేసింది. వానకు తడిసిన అట్టపెట్టె వాసన తప్ప అందులో ఇంకేమీ లేదు. బిరడాలోని టీసీఏ అనే పదార్థం చేసే పని ఇది. లీటరుకు కొన్ని నానోగ్రాములుంటే చాలు, పండు వాసనంతటినీ కప్పేస్తుంది. ఎవరూ కావాలని చేసే తప్పు కాదు, కానీ అమ్మిన దుకాణదారు ఆ మాట ఒప్పుకోవడానికి ఫోనులో పావుగంట పట్టింది.

మరొక మాట. అందరి ముక్కులూ ఒకటి కావు. నాసిక్ నుంచి వచ్చిన రెండేళ్ల షిరాజ్ అనే ఎర్ర వైన్ సీసాలో నాకు అప్పుడే దంచిన మిరియాల పొడి వాసన గుప్పుమంటే, పక్కనున్న స్నేహితుడు ఎంత ప్రయత్నించినా మిరియం దొరకలేదన్నాడు. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటుండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. వారి పరీక్షలో సుమారు ఐదింట ఒక వంతు మందికి అది ఎంత మోతాదులో ఇచ్చినా వాసన తెలియలేదు. ఇక చకచకా రాసుకునేవారిని చూసి బెదరడం ఎందుకు అనవసరమో బోర్డోలో జరిగిన ఒక పరీక్ష చెబుతుంది. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు దానిని ఎర్ర వైన్లకు వాడే మాటలతో వర్ణించారు. 2001లో అచ్చయిన ఈ ఫలితం చదివిన తరువాతనే మేము సీసాలకు కాగితాలు చుట్టడం మొదలుపెట్టాము. మాకు నల్ల గ్లాసులు లేవు కాబట్టి రంగు మోసం నుంచి మాత్రం తప్పించుకోలేకపోయాము.

మీరు తరువాతిసారి వెళ్లినప్పుడు గ్లాసులో మూడో వంతుకు మించి పోయించుకోకండి. ఒకసారి ఊరకే వాసన చూసి, తరువాత తిప్పి చూసి, నోట్లో పుక్కిలించి ఉమ్మివేయండి. అందుకోసమే అక్కడ పాత్ర పెడతారు, మొహమాటం అక్కరలేదు. మింగుతూ పోతే నాలుగో గ్లాసు నుంచి ముక్కు చెప్పేది నమ్మడానికి వీలుండదు. కాగితం మీద మీ ఇంటి వంటగదిలోని మాటలే రాసుకోండి.

ప్రశ్న: మా అల్లుడుగారు జర్మనీ నుంచి తెచ్చిన తెల్ల వైన్ సీసా తెరిస్తే కిరసనాయిలు వాసన వచ్చింది. కల్తీ జరిగిందా? ఆయనను అడగడానికి మొహమాటంగా ఉంది. (సికింద్రాబాదు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అడగకండి, మంచి సీసానే తెచ్చారు. అది రీస్లింగ్ ద్రాక్షతో చేసినదై, కొన్నేళ్ల వయసు గలదై ఉంటుంది. ఈ ద్రాక్షలోని కొన్ని పదార్థాలు నిలవలో నెమ్మదిగా విడిపోయి టీడీఎన్ అనేదిగా మారతాయి, దాని వాసన అచ్చం కిరసనాయిలే. ఎండ ఎక్కువ తగిలిన పండ్లలో ఇది మరింత పుడుతుంది. మేము మోజెల్ లోయ రీస్లింగ్‌లు రెండు పక్కపక్కన పెట్టుకొని చూశాము. 2022 నాటిదాంట్లో నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, నాలుకను చురుక్కుమనిపించే పులుపు, ఆ పులుపును మోసేంత తీపి ఉన్నాయి. 2005 నాటిది తేనె రంగుకు తిరిగింది; ముందు వత్తుల స్టవ్వు వెలిగించినప్పటి వాసన, రెండు నిమిషాలు ఆగితే దాని కింద నుంచి తేనె, ఎండు ఆప్రికాట్. అంత వయసులోనూ పులుపు చెక్కుచెదరలేదు. ఎర్ర వైన్‌ను టానిన్ కాపాడినట్టే తెల్ల వైన్‌ను ఈ పులుపు కాపాడుతుంది. ఆ ఇద్దరిలో ఎవరిని ఇంటికి భోజనానికి పిలుస్తావని అడిగితే నేను పెద్దాయననే పిలుస్తాను, అయితే మా బల్ల దగ్గర ముగ్గురు చిన్నదానికే ఓటేశారు.

ప్రశ్న: మా అన్నయ్య 2009లో పారిస్ నుంచి వస్తూ ఇచ్చిన ఎర్ర వైన్ సీసాను బీరువాలో నిలబెట్టి దాచాను. ఇప్పటికి బాగా విలువ పెరిగి ఉంటుందా? ఎప్పుడు తెరవాలి? (విజయవాడ)

జవాబు: ఈ ఆదివారమే తెరవండి, పెద్దగా ఆశ పెట్టుకోకండి. వైన్ పాతబడడం వేరు, ఎండబడడం వేరు. సీసా సుమారు 13 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి ఉండాలి. మీ బీరువా విజయవాడ ఎండాకాలాలను పదిహేనుకు పైగా చూసింది. ఒక్కొక్క ఎండాకాలంలోనూ సీసాలోని వైన్ ఉబ్బి బిరడాను పైకి తోసి ఉంటుంది, చల్లబడినప్పుడు గాలిని లోపలికి పీల్చి ఉంటుంది. బిరడా మూతి అంచు దాటి పైకి వచ్చిందా, మెడ చుట్టూ జిగట మరక ఉందా, వైన్ మట్టం మెడ నుంచి భుజం దాకా దిగిందా అన్నది ముందు చూడండి. ఈ మూడూ ఉంటే లోపల ఉడికించిన ఎండుద్రాక్ష రుచి, దాని వెంట వెనిగర్ పులుపు ఎదురు చూస్తుంటాయి. ఒకవేళ నా అంచనా తప్పి బాగుంటే మీ అన్నయ్యగారికి వెంటనే ఫోను చేయండి.

ప్రశ్న: ఫ్రిస్కోలో స్నేహితుడి గృహప్రవేశానికి వైన్ బహుమతిగా ఇవ్వాలనుకుంటున్నాను. ఎంత పాతదైతే అంత మంచిదన్నమాట నిజమేనా?

జవాబు: పచ్చళ్లు పెట్టే ఇంట్లో పెరిగిన మీరు ఈ ప్రశ్న అడగవలసింది కాదు. మాగాయ ఏడాది తిరిగినా నిలుస్తుంది, మాగినకొద్దీ దాని తీరు మారుతుంది. దోసావకాయ పదిహేను రోజుల్లో తినేయాలి. దోసావకాయను ఏడాది దాచి, పాతదయింది గనుక గొప్పదని ఎవరూ అనరు. లోకంలో తయారయ్యే వైన్‌లో అధిక భాగం దోసావకాయ జాతిదే.

ఫ్రాన్స్‌లో నవంబరు మూడో గురువారం నాడు అమ్మకానికి వచ్చే బోజొలే నువో దీనికి కొట్టొచ్చే ఉదాహరణ. కొన్ని వారాల కిందట చెట్టు మీదున్న గమే ద్రాక్షను చిదపకుండా గుత్తులతోనే తొట్టెలో వేసి పులియబెడతారు కాబట్టి వగరు దాదాపు ఉండదు, అరటిపండు వాసన మాత్రం దండిగా ఉంటుంది. మేము తెరిచిన సీసాలో అరటిపండూ, చిన్నప్పటి బబుల్ గమ్మూ తప్ప మరేదీ దొరకలేదు. చల్లగా తాగితే ఉల్లాసంగానే ఉంది, వచ్చే ఏడాదికి మాత్రం అందులో ఏమీ మిగలదు. నాసిక్, నంది కొండల తెల్ల వైన్ల గురించి కూడా నా అభిప్రాయం ఇదే. అక్కడ కోతలు చలికాలం చివర మొదలై వేసవి ముదిరేలోగా ముగుస్తాయి, కనుక సీసా మీది సంవత్సరం చూసి ఏడాదిన్నర, రెండేళ్లలోపు తాగేయడం మంచిది.

పాతది ఇవ్వాలనే పట్టుదల ఉంటే స్పెయిన్ రియోహాలోని గ్రాన్ రెసెర్వా తీసుకోండి. మీరు దాచవలసిన ఏళ్లను తయారీదారే దాచి ఇస్తాడు. ఎర్రదానికి కనీసం 5 ఏళ్లు, అందులో కనీసం 2 ఏళ్లు ఓక్ పీపాలో అన్నది అక్కడి నియమం. పాత పద్ధతి ఇళ్లలో అమెరికన్ ఓక్ వాడతారు కాబట్టి మా 2010 సీసాలో ఎండు కొబ్బరి, వెనిల్లా వాసనలు తెలిశాయి. వాటి వెనుక ఎండు ఖర్జూరం, కొద్దిగా పాత పుస్తకాల వాసన. పదింటిలోనూ అందరమూ రెండోసారి పోసుకున్న సీసా ఇదొక్కటే, ధరలో కూడా ఇది పైవరుసలో లేదు.

ఏ వైన్ నిలుస్తుందో ఏది నిలవదో పెద్దలు కూడా ముందుగా చెప్పలేరనడానికి ఒక కథ ఉంది. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ సీసాల పేర్లు దాచి పెట్టిన రుచి పరీక్షలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తమకు తెలియకుండానే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలిచ్చారు. ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వారి 1973 క్యాబర్నే మొదటిదయింది. అవి చిన్నతనంలోనే అందగత్తెలు, మన వైన్లు ముసలితనంలో గెలుస్తాయి అని ఫ్రాన్స్ పక్షాన వాదించినవారున్నారు. సరిగ్గా 30 ఏళ్లకు, 2006లో, అవే ఎర్ర వైన్లను నాపాలోనూ లండన్‌లోనూ ఒకే రోజున మళ్లీ రుచి చూపిస్తే మొదటి స్థానం రిడ్జ్ వారి 1971 మాంటె బెల్లోకు వచ్చింది, 1976లో అది ఐదోది. మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలికి ఇది ఆసక్తి కలిగించవచ్చు: ఆ తోట ఉన్నది నాపాలో కాదు, కూపర్టినో పడమటి కొండ మీద.

ప్రశ్న: తెల్ల వైన్ సీసాను ఫ్రిజ్‌లో పెడితే అడుగున పంచదార పలుకుల్లాంటివి చేరాయి. గాజు ముక్కలేమోనని పారబోశాము. (వరంగల్లు)

జవాబు: అయ్యో! అది ద్రాక్ష పులుపు గడ్డకట్టినదే, టార్టారిక్ ఆమ్లపు లవణం. చల్లదనానికి పలుకులుగా విడిపడుతుంది, హాని లేదు. చింతపండు పులుపు కూడా ప్రధానంగా ఈ ఆమ్లానిదే. పాత ఎర్ర వైన్‌లోని మడ్డి మాత్రం వేరు; దానికి సీసాను ముందు రోజే నిలబెట్టి, కదలకుండా మరో పాత్రలోకి వంచి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి.

ప్రశ్న: ఫ్రాన్స్ వెళ్లి వచ్చిన మా వియ్యంకులు పసుపు రంగు వైన్ ఒకటి ఇచ్చారు. సీసా పొట్టిగా, లావుగా ఉంది. గ్లాసులో పోస్తే మా ఆవిడ వాసన చూసి 'మెంతులు వేయించినట్టుంది, పోపు మాడిందేమో చూసొస్తాను' అని వంటింట్లోకి వెళ్లింది. ఇది చెడిపోయిన వైనా? (విశాఖపట్నం)

జవాబు: మీ ఇంటావిడగారి ముక్కుకు నమస్కారం. అది జ్యూరా ప్రాంతపు వాన్ జోన్. సవాన్యాఁ ద్రాక్ష రసాన్ని పులియబెట్టి పీపాలో పోశాక, ఆవిరై తరిగిన వైన్‌ను మామూలుగా నింపుతూ పోతారు. ఇక్కడ నింపకుండా వదిలేస్తారు. ఆ ఖాళీలో వైన్ మీద ఈస్టు తెరలా కట్టి, గాలిని కొంచెం కొంచెంగా మాత్రమే లోపలికి పోనిస్తుంది. ఇలా కనీసం 6 ఏళ్ల 3 నెలలు గడవాలి. సీసాను క్లావలాఁ అంటారు, అందులో పట్టేది 62 సెంటీలీటర్లే. లీటరు వైన్ పోస్తే చివరికి మిగిలేది అంతేనని అక్కడివారి లెక్క.

ఆ తెర కింద పుట్టే పదార్థాల్లో ముఖ్యమైనది సోటొలోన్. మెంతులకు వాసననిచ్చేది కూడా అదే. ఫ్రెంచివారు దీనిని అక్రోటు, కూరపొడి అని వర్ణిస్తారు. 'కూరపొడి' అన్నప్పుడు వారి ముక్కుకు తగులుతున్నది అందులోని మెంతులే. వారి దగ్గర విడిగా ఆ గింజ పేరు నాలుక మీద ఆడదు, అంతే. మా పదో సీసా 2014 వాన్ జోన్. ముందుగా ఆవకాయలో వేసే మెంతిపిండి, తరువాత అక్రోటు, చివర ఉప్పు కలిసిన పులుపు; మింగి ఐదు నిమిషాలయ్యాక కూడా నోటిలో మెంతి చేదు సన్నగా నిలిచింది. అన్నిటి తరువాత పోసుకోవలసిన వైన్ ఇది, దీని తరువాత మరేదీ నాలుకకు ఎక్కదు.

చెడిపోతుందన్న భయం మీకు అక్కరలేదు. గాలితో ఆరేళ్లు కాపురం చేసిన వైన్‌ను తెరిచిన సీసాలోని గాలి అంత తొందరగా ఏమీ చేయదు. మా సీసాలో మిగిలిన సగం మూడు వారాలుగా ఫ్రిజ్ తలుపులో పెరుగు గిన్నె పక్కన ఉంది. నిన్న రాత్రి ఈ జవాబు రాయడానికి ముందు చిన్న గ్లాసులో పోసి చూశాను, మెంతి ఎక్కడికీ పోలేదు. మీ సీసా ఇంకా మిగిలి ఉంటే అన్నంలోకి కాకుండా, మరీ ఘాటు లేని కోడి ఇగురుతో ఒకసారి చూడండి. ఆ ఇగురులో మెంతులు మాత్రం వేయవద్దని మీ ఆవిడగారికి చెప్పండి.